మోషే రెండు చేతులు

ఏటా నడివేసవిలో యూదుల ప్రార్థనాలయాలైన సినగాగుల్లో, వారి ధర్మగ్రంథం తోరాలోని పిన్హాస్ భాగం చదివే వారం వస్తుంది. న్యూజెర్సీలో యూదు మిత్రుల సావాసం వల్ల ఆ వారం కోసం నేనూ ఎదురుచూస్తుంటాను. మోషే తన వారసుడిగా యెహోషువను నిలబెట్టే ఘట్టం అందులోదే. తెలుగు బైబిల్లో అది సంఖ్యాకాండం 27వ అధ్యాయం.

యెహోషువ మీద చెయ్యి ఉంచమని దేవుడంటాడు. మోషే ఉంచింది రెండు చేతులు. మనం చదువుతూ దాటిపోయే ఈ తేడా దగ్గరే యూదు వ్యాఖ్యాతలు ఆగారు. 11వ శతాబ్దంలో ఫ్రాన్సులో బతికిన రాషీ మాటల్లో, దేవుడు అడిగినదానికన్నా మోషే ఎక్కువే ఇచ్చాడు. నిండి, పైన రాశి కట్టిన పాత్రలా శిష్యుణ్ణి తన జ్ఞానంతో నింపాడు.

అదే అధ్యాయంలో అంతకు ముందే సెలోపెహాదు అనే అతని కూతుళ్లకు తండ్రి ఆస్తి దక్కింది. అది చూసి, తన స్థానం తన కొడుకులకు వస్తుందని మోషే ఆశపడ్డాడని యూదుల పాత వ్యాఖ్యాన సాహిత్యమైన మిద్రాష్ చెబుతుంది. రాలేదు. గురువు సభలో బల్లలు సర్ది, చాపలు పరిచిన యెహోషువకు వచ్చింది. ఒక్క చెయ్యి ఉంచి ఊరుకున్నా మోషేను తప్పుపట్టేవారు లేరు. మనిషి కొడుకు మీదా శిష్యుడి మీదా అసూయపడడని యూదు గురువుల చర్చల గ్రంథం తాల్ముద్ అంటుంది. అందుకు అది చూపే సాక్ష్యాల్లో ఈ రెండు చేతులూ ఒకటి.

చెయ్యి ఉంచడం దీపంతో దీపం వెలిగించడమట. దేవుడు చెప్పినట్టు మోషే తన తేజస్సులో కొంత ఇవ్వడం పాత్రలోంచి పాత్రలోకి ఒంపడమట. ఇదీ మిద్రాషే. మన సభల్లో మొదటి పోలికే ఎక్కువగా వింటాం. నన్ను కదిలించేది రెండోది. చదువు పంచితే తరగదు, అధికారం తరుగుతుంది. తరుగుతుందని తెలిసే మోషే ఇచ్చాడు.

చెయ్యి ఉంచే ఆ ఆచారమే గురువు శిష్యుడికి అధికారమిచ్చే సెమిఖా అయింది. రోమన్లు దాన్ని నిషేధించి, అది జరిగిన ఊరినే నాశనం చేస్తామన్నారు. అప్పుడు యెహూదా బెన్ బావా అనే గురువు, ఏ ఊరికీ ముప్పు రాకుండా ఉషా, షెఫరాం ఊళ్ల నడుమ కొండల మధ్య అయిదుగురు శిష్యులకు అధికారమిచ్చాడు. సైనికులు వస్తే శిష్యులను పారిపొమ్మని తాను అక్కడే నిలబడి ప్రాణమిచ్చాడని తాల్ముద్ కథనం.

మా ఆదివారం తెలుగు బడిని ఈ సెప్టెంబరు నుంచి ఇక్కడే పుట్టి పెరిగిన ఒక అమ్మాయి నడుపుతుంది. పాఠాలు ఆమె చెబితే చాలు, నిర్ణయాలు పెద్దవాళ్ల దగ్గరే ఉంచుదామని కొందరన్నారు. అది ఒక్క చెయ్యి ఉంచడమే; నేను ఒప్పుకోలేదు. ఏం చెప్పాలో, ఎవరితో చెప్పించాలో, బడి డబ్బు దేనికి ఖర్చుపెట్టాలో ఇక ఆమే తేలుస్తుంది.