హెల్మెట్ అద్దం – మా అబద్ధం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు, హాస్టలు సాంబారు మీదో, పరీక్షల ముందు రాత్రుల మీదో రాద్దామనుకున్నాం. అవి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. మేము రాయాల్సింది వేరే ఉంది. ఈ నాలుగు మాటలూ కాగితం మీద పెడుతున్నది మాలో ఒకరే అయినా, చేసిన పని నలుగురిదీ కనుక 'మేము' అనే రాస్తున్నాం.

అది 2016. మేము తొమ్మిదో తరగతి. ఆ ఏడాది ఆగస్టులో రియో ఒలింపిక్స్‌లో మన దేశపు మహిళల హాకీ జట్టు ఆడింది. 1980 తర్వాత ఒలింపిక్స్‌కు వెళ్ళడం అదే మొదటిసారి. మా పి.ఇ.టి. సారు పేపర్ కటింగులు తెచ్చి మైదానంలో చదివి వినిపించేవారు. మన చిత్తూరు జిల్లా అమ్మాయి రజని ఎతిమరపు భారత జట్టు గోల్ కీపర్ అని ఆయన చెబితే, అంతవరకూ గోల్‌లో నిలబడమంటే మొహం చాటేసిన మాకు ఆ చోటు మీద గౌరవం పుట్టింది. మాలో ఒకడు నేనుంటా అని ముందుకొచ్చాడు. ఆ రోజు నుంచీ వాడి పేరు గోలీ.

హాకీ గోల్ వెడల్పు 3.66 మీటర్లు, ఎత్తు 2.14 మీటర్లు. బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు. చేతిలోకి తీసుకుంటే రాయిలాగే ఉంటుంది. అందుకే గోల్ కీపర్ హెల్మెట్ లేకుండా నిలబడకూడదని నిబంధన. మా దగ్గర ఉన్నది ఒకే ఒక్క హెల్మెట్. మాకంటే ముందు ఎన్ని బ్యాచ్‌లు వాడారో తెలియదు. మొహం ముందుండే ఇనుప గ్రిల్లు తుప్పు పట్టింది. ఒక కమ్మీ వెల్డింగు ఊడి, కంటికి ఎదురుగా బంతి దూరేంత సందు పడింది. గడ్డం కింద పట్టీ తెగిపోయింది. సారు కొత్తదాని కోసం రాసి పంపారు. అది వచ్చేలోగా జోనల్ ఆటలు వచ్చేలా ఉన్నాయి.

దసరా సెలవులకు ఆ హెల్మెట్‌ను సంచిలో వేసుకుని మా ఊరికి తెచ్చాం. సారును అడగలేదు. బాగు చేసి తెచ్చి ఆయన్ని ఆశ్చర్యపరచాలని మా ఉబలాటం.

మా నాయన బస్టాండు దగ్గర చెప్పులు కుడతాడు. ఇంట్లో పనిముట్లకు కొదవ లేదు. ఆరె, తోలు కోసే కత్తి, సుత్తి, కటింగ్ ప్లయరు. ఎదురింటి వడ్రంగి మామ దగ్గర ఆకురాయి, ఉప్పుకాగితం, హాక్సా బ్లేడు అడిగి తెచ్చుకున్నాం. మెకానిక్ షాపు వెనకాల పగిలిన మోటార్ సైకిల్ హెల్మెట్ దొరికింది. దాని ముందరి అద్దం మాత్రం బాగుంది. దాన్ని మా గ్రిల్లు లోపలి వైపు బిగిస్తే సందు పూడుతుందని మా లెక్క.

ముందు పాత పెళ్ళి పత్రిక అట్టను గోలీ మొహానికి ఆనించి కొలత కత్తిరించాం. ఆ అట్టను అద్దం మీద పెట్టి పెన్నుతో గీశాం. గీత పొడవునా ఆసుపత్రి ప్లాస్టరు అంటించాం, బ్లేడు జారి గీతలు పడకుండా. హాక్సా బ్లేడుకు ఒక చివర గుడ్డ చుట్టి, గీతకు కొంచెం బయటగా మెల్లగా కోశాం. మిగిలిన అంచును ఆకురాయితో అరగదీసి, ఉప్పుకాగితంతో నున్నగా చేశాం. అంతవరకూ పని బాగానే జరిగింది.

తప్పులు అక్కడి నుంచి మొదలయ్యాయి. మరలు పట్టడానికి రంధ్రాలు వేయాలి. వడ్రంగి మామ బరమా పనికి తీసుకెళ్ళాడు. సాయంత్రం దాకా ఆగే ఓపిక లేక, మేకును పొయ్యిలో ఎర్రగా కాల్చి గుచ్చాం. రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ కరిగి గడ్డకట్టింది. అద్దం వంపు మా గ్రిల్లు వంపుకు సరిపోలేదు. బలవంతంగా వంచి, మరలు తిరిగినంతవరకూ బిగించాం. చివరగా పైన ఎర్ర ఎనామిల్ పెయింటుతో హాస్టలు పేరు రాశాం. 'వసతిగృహం'లో ఒక అక్షరం తప్పు పోయింది. పక్క వీధి పెయింటర్ దగ్గర థిన్నరు తెచ్చి, గుడ్డతో రుద్ది తుడిచేసి, మళ్ళీ రాశాం.

రాత్రి నాయన వచ్చి చూశాడు. తెగిన పట్టీ స్థానంలో తోలు పట్టీ కోసి, రెండు వరుసలు కుట్టి ఇచ్చాడు. గడ్డం తగిలే చోట మెత్తటి తోలు వేశాడు. అద్దాన్ని వేలితో తట్టి, "మీ సారుకు చూపించి గానీ పెట్టుకోవద్దండి. చెప్పు తెగితే మళ్ళీ కుడతా. కన్ను పోతే నేనేం కుడతా?" అన్నాడు. బడి మొహం చూడని నాయనకు హాకీ ఏం తెలుసులే అనుకున్నాం.

సెలవులయ్యాక సారు సర్వీసు పని మీద జిల్లా ఆఫీసుకు వెళ్ళిన సాయంత్రం, మేమే ప్రాక్టీసు పెట్టుకున్నాం. నవంబరు, పాత 500, 1000 నోట్లు రద్దయిన వారం. మొదటి రెండు బంతులు గోలీ కాళ్ళ ప్యాడ్లతో ఆపాడు. మూడో బంతి లేచి గ్రిల్లుకు తగిలింది. తుప్పు కమ్మీ లోపలికి వంగింది. దాని వెనక అద్దం ఫట్‌మని పగిలింది. వంగి ఊరుకోవాల్సిన అద్దం గాజు పెంకులా ముక్కలైంది. ఒక ముక్క గోలీ ఎడమ కంటి కింద దిగింది.

హాస్టలు ముందు ఆటో అతనికి ఇవ్వడానికి మా దగ్గర చిల్లర లేదు. వాచ్‌మెన్ జేబులో ఉన్నది పాత 500 నోటు. "నోటు తర్వాత చూద్దాం, ముందు పిల్లోన్ని ఎక్కించండి" అని ఆ ఆటో అన్న డబ్బులు తీసుకోకుండానే ఆసుపత్రికి చేర్చాడు. ఆయన పేరు కూడా మాకు తెలియదు. నాలుగు కుట్లు పడ్డాయి. కన్నుకు ఏమీ కాలేదు, అర అంగుళం పైన తగిలుంటే చెప్పలేమని డాక్టరు గారు అన్నారు.

వార్డెను గారు వచ్చి ఎలా జరిగిందని అడిగారు. మేము ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. నిజం చెబితే హాకీ ఆపేస్తారు, సారుకు చెడ్డపేరు వస్తుంది, మమ్మల్ని ఇంటికి పంపేస్తారు. అందరికంటే ముందు గోలీయే, "బాత్రూములో పాచి మీద జారిపడ్డా సార్" అన్నాడు. మేము అవునన్నాం. పగిలిన ముక్కలను రాత్రికి రాత్రే వేపచెట్టు కింద పూడ్చేశాం.

మర్నాడు ఉదయం వార్డెను గారు మా కామాటి తాతను వరండాలో నిలబెట్టి అందరి ముందూ మందలించారు. బాత్రూము సరిగా కడగనందుకని రెండు రోజుల జీతం కోశారు. తాత తల వంచుకుని నిలబడ్డాడు. రోజూ తెల్లవారకముందే బ్లీచింగు చల్లి, కొబ్బరి చీపురుతో రుద్ది కడిగే మనిషి. మాకు జ్వరమొస్తే గంజి కాచి మంచం దగ్గరికి తెచ్చే మనిషి. మేము నలుగురం వరుసలో నిలబడి చూస్తూ ఉన్నాం. ఒక్కరం కూడా నోరు విప్పలేదు.

పదో తరగతి అయ్యింది, ఇంటరు అయ్యింది. డిగ్రీ పట్టా అందుకున్న మొదటి తరం మా ఇళ్ళల్లో మాదే. మాలో ఒకరం ఎం.ఎస్‌.సి. కెమిస్ట్రీలో చేరాం. పాలిమర్ల పాఠంలో పాలీకార్బొనేట్ గురించి చెప్పారు. 1953లో జర్మనీలో హెర్మన్ ష్నెల్, అమెరికాలో డేనియల్ ఫాక్స్ ఒకరికి తెలియకుండా ఒకరు దాన్ని తయారు చేశారట. హెల్మెట్ల ముందరి అద్దాలు ఎక్కువగా దానితోనే చేస్తారు. దెబ్బ తగిలితే వంగుతుంది గానీ సులువుగా పగలదు. కానీ దానికి ఒక బలహీనత ఉంది. లెక్చరర్ గారు ఒక పాలీకార్బొనేట్ పట్టీని విల్లులా వంచి పట్టుకుని, వంపు మీద అసిటోన్ చుక్క వేశారు. మా కళ్ళ ముందే సన్నని పగుళ్ళు పాకాయి. వంచి బిగించిన చోట లోపల ఒత్తిడి నిలిచి ఉంటుంది, థిన్నరు లాంటి ద్రావకం తగిలితే ఆ ఒత్తిడి పగుళ్ళుగా మారుతుంది అని వివరించారు.

కాల్చిన మేకు, బలవంతపు వంపు, బిగుసుకున్న మరలు, థిన్నరు గుడ్డ. మేము చేసినవన్నీ వరుసగా గుర్తొచ్చాయి. మా అద్దం బంతి దెబ్బకు పగలలేదు. మైదానానికి రాకముందే దాన్ని మేమే పాడు చేసి తెచ్చాం. ఆ రోజు గట్టిగా నిలిచింది నాయన కుట్టిన తోలు పట్టీ ఒక్కటే.

లైబ్రరీలో మరికొంత చదివాం. కెనడా, అమెరికాల్లో మంచు మీద ఆడే హాకీలోనూ మొహానికి రక్షణ అంత సులువుగా రాలేదు. 1959 నవంబరు 1న న్యూయార్కులో జాక్ ప్లాంట్ అనే గోల్ కీపర్ మొహానికి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. మాస్కు పెట్టుకోనిస్తేనే తిరిగి ఆడతానని పట్టుబట్టి, మాస్కుతోనే వచ్చి ఆడాడు. అక్కడి ఎన్.హెచ్.ఎల్. లీగులో కొత్త ఆటగాళ్ళకు కంటి ముందు అద్దం తప్పనిసరి అయింది 2013–14 సీజను నుంచే.

2024లో మేము నలుగురం కలిసి తాత ఇంటికి వెళ్ళాం. తాత అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గోలీ తన కంటి కింద మచ్చ చూపించి జరిగింది మొత్తం చెప్పాడు. తాత విని, కాసేపటికి అన్నాడు: "నాకు ఆ పొద్దే తెలుసు నాయనా. బాత్రూము కడిగింది నేనే గదా. యాడా నెత్తురు సుక్క లేదు. మీరే చెప్తారులే అని చూసినా. ఇన్నేండ్లు పట్టిందేరా?"

మా దగ్గర జవాబు లేదు. ఆ రెండు రోజుల జీతానికి మరికొంత కలిపి కవరులో పెట్టి తీసుకెళ్ళాం. తాత ముట్టుకోలేదు. "అందరి ముందర అన్న మాట అది. లెక్క నాకియ్యడం గాదు, అందరి ముందర చెప్పండి" అన్నాడు. అందుకే ఈ వ్యాసం. ఆ రోజు బాత్రూములో పాచి లేదు. తాత తప్పు ఏమీ లేదు. తప్పు మాది. అప్పటి వార్డెను గారు ఈ సంచిక చదువుతారని మాకు తెలుసు, ఆయనకూ క్షమాపణ చెప్పుకుంటున్నాం.

తమ్ముళ్ళారా, మీ చేతులతో పనులు చేయడం మానకండి. పట్టీ తెగితే కుట్టుకోండి, లోపలి మెత్త ఊడితే అంటించుకోండి. కానీ మొహాన్ని కాపాడే గ్రిల్లునూ అద్దాన్నీ కోయకండి, కాల్చకండి, వంచి బిగించకండి. తుడవాలంటే సబ్బు నీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు, థిన్నరు దగ్గరికి రానీయకండి. పగులు కనిపిస్తే అది ఎంత సన్నదైనా సారుకు చూపించండి. పొరపాటు జరిగితే ఆ సాయంత్రమే చెప్పేయండి.

గోలీ ఇప్పుడు బి.పి.ఇడి. చదువుతున్నాడు. ఈ వార్షికోత్సవం నాడు మేము నలుగురం కలిసి హాస్టలు హాకీ జట్టుకు కొత్త గోల్ కీపర్ హెల్మెట్ ఇస్తున్నాం. దాన్ని తాత చేతుల మీదుగా అందించాలని కోరాం. రెండుసార్లు వద్దన్నాడు, మూడోసారి సరేనన్నాడు. మీరంతా తప్పక రండి.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ అన్నలు నలుగురు.