బట్టికి పోయిన గుడ్లు

జనవరి 8, 2025, బుధవారం

ఇయ్యాల గుడ్ల దినం. మా బడి వంటింట్ల నుంచి ఇటుక బట్టి బడికి ముప్పై నాలుగు గుడ్లు పోయినయి. అన్నం గంజు ఆటోల పెట్టి, నేను కూడ వెనుక బండి మీద పోయిన. రేకుల షెడ్డు, నేల మీద పట్టా. పాఠం చెప్పేది ఒడిశాల బలంగీర్ నుంచి వచ్చిన ఇంటర్ పాసైన పిలగాడు. పుస్తకాలు ఒడియావే.

అందరు తిన్నరు. ఒక పొట్టి పిల్ల మాత్రం గుడ్డును గౌను అంచుల ముడేసుకున్నది. "తినవేందే?" అంటే నవ్వింది. తమ్మునికట అని సారు చెప్పిండు. రెండేండ్లోడు, మా పట్టీల లేడు.

జనవరి 18, శనివారం

సంక్రాంతి సెలవులైపోయినయి. మా పిల్లలు సకినాలు తెచ్చి నా బల్ల మీద పెట్టిన్రు. బట్టి పిల్లలకు ఏడు రోజులు మధ్యాహ్న భోజనం లేదు. ఏం తిన్నరని అడిగితే నూకన్నంల నీళ్లు పోసుకొని, ఉప్పు, మిరపకాయతో తిన్నమన్నరు. వాళ్లు పఖాళ అంటరు. మన సద్దే. సద్దిని నేను తప్పు పట్ట, పక్కన పప్పన్న ఉంటే.

వారం వారం ఖర్చుకిచ్చే పైసలల్ల పప్పు రాదు. మన వినాయక చవితి తెల్లారి వాళ్ల నుఆఖాయి పండుగ. అదైనంక కూలీలను తోలుకొచ్చే సర్దార్ దగ్గర అడ్వాన్సు తీసుకుంటరు, ఇక్కడ వెయ్యి ఇటుకలకు ఇంత అని అచ్చు పోసి అది తీరుస్తరు. అందుకే చేతికి ఖర్చు పైసలే.

రాత్రి భివండి యాదికొచ్చింది. బాపు సాంచాల మీద పని చేసేటోడు. రెండో తరగతి నేను అక్కడనే, మరాఠీ బడిల. ఒక్క ముక్క సమజ్ కాకపోయేది. అయినా అమ్మ పొద్దున రొట్టె పెట్టి పంపేది. అది అప్పుడు లెక్కల పెట్టలే.

ఫిబ్రవరి 10, సోమవారం

నులిపురుగుల మాత్రలు. అన్నం తిన్నంక నమిలి మింగిపిచ్చిన. రాని తొమ్మిది మందికి 17న.

ఆ తమ్ముణ్ని తల్లి సంకనేసుకొని వచ్చింది. ఆశా వర్కర్ రెట్టకు టేపు చుట్టింది. 11.9 సెంటీమీటర్లు, పసుపు గీత. పదకొండున్నర కంటె దిగితే ఎరుపే. అంగన్‌వాడీల రాయిద్దామంటే "ఈ ఊరోళ్లు కాదు కద మేడం" అన్నరు. ఈ ఊరి మట్టే తొక్కుతున్నరు కద అన్న. మూడేండ్ల లోపు పోరడు, నెలకు రెండున్నర కిలోల బాలామృతం, పదహారు గుడ్లు రావాలె. పేరు ఎక్కేదాక కుర్చీల నుంచి లేవలే. (ఇంటికొచ్చినంక నాకే సిగ్గయింది, గట్టిగ మాట్లాడిన.)

మార్చి 19, బుధవారం

ఒంటిపూట బడులు మొదలైనయి. ఎనిమిదింటికి పోతే సగం మంది పట్టా మీద నిద్ర. పొట్టిది పలక మీదనే తల పెట్టింది. లేపబోయిన సారును ఆపిన.

ఎండ తప్పిచ్చుకోను రాత్రి రెండింటికే అచ్చు పోసుడు మొదలుపెడ్తరు. తెల్లారెదాక పచ్చి ఇటుకలు తిప్పేది పిల్లలే. వాళ్ల వెనుకబాటుకు భాషే కారణమని మీటింగులల్ల నేను ఎన్నిసార్లు చెప్పిన్నో. ఇక్కడ సారు ఒడియా, పుస్తకం ఒడియా. మరి ఎక్కాలు ఎందుకు రావు? నిద్ర లేదు, పొద్దున కడుపుల ఏం లేదు. పన్నెండున్నరకు అన్నం వచ్చినంక రెండు ఎక్కం అప్పజెప్పింది పొట్టిది, తప్పు లేకుంట ఇరవై దాక. అప్పటికి బడి విడిచే యాల్లయింది.

వంటమ్మను అడిగిన, బట్టి అన్నం ఎనిమిదింటికే పంపొచ్చా అని. "మీరు ఐదింటికి వచ్చి పొయ్యి ముట్టిస్తరా మేడం?" అన్నది. నిజమే.

నాలుగు పాకెట్ల అటుకులు, బెల్లం కొన్న. ఇది నా జీతంతో జరిగే పని కాదు. మండల ఆఫీసుకు పొద్దున తిండి కావాలని కాయితం రాసిన.

ఏప్రిల్ 23, బుధవారం

ఆఖరి పనిదినం. తమ్ముడు టేపు మీద 12.4. ఇంకా పసుపే, కాని ఆకుపచ్చకు ఒక్క గీత దూరం. పొట్టిది ఇయ్యాల గుడ్డు అక్కడనే ఒలుచుకొని తిన్నది.

ఒక్కొక్కలకు కాయితం రాసిచ్చిన: ఏ తరగతి, ఎన్ని దినాలు వచ్చింది, బరువెంత. ఊరికి పోయినంక అక్కడి బడిల చూపియ్యమని చెప్పిన.

మండల ఆఫీసుకు రాసిన కాయితానికి జవాబు రాలే. రేపటి నుంచి జూన్ 11 దాక వంట బంద్. వానలు పడేదాక బట్టి మాత్రం నడుస్తది.