గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై, ఎర్తు

మధుమేహము, రక్తపుపోటు, మోకాళ్ళ నొప్పుల గురించి వ్రాసే ఈ చోట గ్రాఫిక్స్ కార్డు ప్రసక్తి ఏమిటని మీరు అనుకోవచ్చును. వేసవి సెలవులకు వచ్చిన మా మనుమడు నా గదిలోని కంప్యూటరుకు ఆ కార్డు అమర్చాడు. ఆ పది రోజులలో విద్యుత్తు గురించి, విద్యుదాఘాతము గురించి మీకు చెప్పదగిన విషయాలు కొన్ని ఎదురయ్యాయి. కంప్యూటరుకు కొత్త భాగాలు కావాలని అడిగే పిల్లలున్న ఇళ్ళవారు వీటిని తెలుసుకొనుట మంచిది.

మావాడు ఆర్కిటెక్చర్ మూడవ సంవత్సరం చదువుతున్నాడు. గీసిన భవనంపై ఎండ ఎలా పడుతుందో, గాజు ఎలా మెరుస్తుందో కంప్యూటరు లెక్కకట్టి చిత్రంగా చూపాలి. పాత యంత్రంలో ఒక్క చిత్రానికి రాత్రంతా పట్టేది. వేలకొలది చిన్న లెక్కలను ఒకేసారి చేసేందుకే గ్రాఫిక్స్ కార్డు ఉన్నది. సికిందరాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళి ఎన్విడియా వారి ఆర్.టి.ఎక్స్. 3060 కార్డు కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చాడు.

కార్డు అమరింది, తెర వెలిగింది. ఉత్తరాలు టైపు చేస్తే ఇబ్బంది లేదు, సినిమా చూస్తే ఇబ్బంది లేదు. భవనం చిత్రం మొదలుపెట్టిన అయిదు నిమిషాలకు మాత్రం యంత్రం టక్కున ఆగిపోయేది. మూడు సార్లు అలాగే జరిగింది. "కార్డే చెడ్డది తాతయ్యా, తిరిగి ఇచ్చేస్తాను" అన్నాడు.

నేను వైద్యులు రోగిని అడిగే ప్రశ్నలే అడిగాను. ఎప్పుడు ఆగుతోంది? పని తక్కువగా ఉన్నప్పుడు ఎప్పుడైనా ఆగిందా? ఎంతసేపటికి? కూర్చున్నప్పుడు ఏ బాధా లేక, మెట్లెక్కగానే ఛాతీలో నొప్పి పుట్టి, నిలబడగానే తగ్గే రోగులను నలభై ఏళ్ళు చూశాను. వారి హృద్ధమనులు సన్నబడి ఉంటాయి. విశ్రాంతిలో కావలసిన రక్తం అందుతుంది, శ్రమలో పెరిగిన అవసరానికి అందదు. అటువంటప్పుడు శ్రమపడే కండరాన్ని నిందించి ప్రయోజనం లేదు, సరఫరాను పరీక్షించాలి. "కార్డును తరువాత చూద్దాం నాన్నా, ముందు దానికి కరెంటు ఇచ్చే పెట్టెను చూడు" అన్నాను.

ఆ పెట్టెనే పవర్ సప్లై అని, ఎస్.ఎం.పి.ఎస్. అని అంటారు. గోడలోని 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును అది 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. మా కంప్యూటరులోనిది క్యాబినెట్టుతో పాటు ఉచితంగా వచ్చినది. పైన పెద్ద అక్షరాలతో 450 వాట్లని ఉన్నది. ప్రక్కనున్న చీటీని భూతద్దంతో చదివితే 12 వోల్టుల వరుసలో 18 ఆంపియర్లు. 12ను 18తో హెచ్చిస్తే 216 వాట్లు. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసరు ప్రధానంగా ఆ వరుస పైననే ఆధారపడతాయి. కార్డుకు 170 వాట్లు, ప్రాసెసరుకు 65 వాట్లు కావాలి. ఫ్యాన్లను, డిస్కులను లెక్కించకముందే 235 అయింది. పైగా ఈ కార్డులు క్షణకాలం తమ సగటు కంటె చాలా ఎక్కువ లాగుతాయి. పెట్టెకు ఉన్న రక్షణ వలయం యంత్రాన్ని ఆపివేయడం మన అదృష్టమే. ఆ రక్షణ లేని చౌకబారు పెట్టెలు ఆగవు, కాలుతాయి.

మరొకటి కూడా గమనించాను. కార్డు కూర్చునే మదర్‌బోర్డు గాడి 75 వాట్లు మాత్రమే ఇస్తుంది. మిగిలినది ఎనిమిది పిన్నుల తీగ ద్వారా రావాలి, దానికి 150 వాట్ల వరకు అనుమతి. పాత పెట్టెకు అటువంటి తీగ లేనందున, డిస్కులకు పోయే సన్నని తీగలను కలిపే మార్పిడి తీగ ఒకటి తగిలించాడు. పట్టుకొని చూస్తే వేడిగా ఉన్నది, ప్లాస్టిక్కు కమురు వాసన కూడా సోకింది. పిల్లల గదిలో ఈ వాసన వస్తే తల్లిదండ్రులు తేలికగా తీసుకోరాదు. వెంటనే స్విచ్చి ఆపించాలి.

నాలుగువేల పైచిలుకు రూపాయలతో 550 వాట్ల పెట్టె తెప్పించాము. ఆ కార్డుకు ఎన్విడియా వారు చెప్పిన పరిమాణం కూడా అదే. 12 వోల్టుల వరుసలో 45 ఆంపియర్లు, ఎనిమిది పిన్నుల తీగ, 80 ప్లస్ ముద్ర ఉన్నాయి. కొనేవారు పెట్టెపై పెద్ద అంకెను కాక చీటీలోని 12 వోల్టుల ఆంపియర్లను చూడాలి.

పాత పెట్టెను విప్పి దుమ్ము దులుపుదామని మావాడు స్క్రూడ్రైవరు తీశాడు. వద్దని చేయి పట్టుకున్నాను. అందులోని పెద్ద కెపాసిటరు 300 వోల్టులకు మించి విద్యుత్తును నిలువ చేసుకుంటుంది. ప్లగ్గు తీసినా అది కొంతసేపు అందులోనే ఉండవచ్చును. అదుపు తప్పిన హృదయలయను సరిచేసేందుకు ఆసుపత్రులలో వాడే డీఫిబ్రిలేటరు కూడా కెపాసిటరు నుంచే ఆఘాతాన్ని ఇస్తుంది. వైద్యుని చేతిలో అది ప్రాణం పోస్తుంది. తెలియక ముట్టుకుంటే ఫలితం వేరు. క్యాబినెట్టును విప్పవచ్చును, కార్డును మార్చవచ్చును, పవర్ సప్లై పెట్టెను మాత్రం ఇంట్లో విప్పరాదు.

బిగింపు గంట పని. ప్లగ్గు తీయడం, లోహాన్ని తాకి ఒంట్లోని స్థావర విద్యుత్తును పోగొట్టుకోవడం, తీగలు చివరంటా దిగినవో లేదో చూడడం, అంతే.

చిత్రం నలభై నిమిషాలలో పూర్తయింది. మావాడి ఆనందం చెప్పనలవి కాదు. యంత్రం వెనుక ఫ్యానుగాలి ఎలా వస్తోందోనని చేయి పెట్టినప్పుడు నా వేళ్ళ వెనుక సన్నగా జిల్లుమన్నది. చెప్పులు విడిచి మళ్ళీ తాకితే మరికొంచెం ఎక్కువగా తెలిసింది. కొత్త పెట్టె లోపమని మావాడు భయపడ్డాడు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. అతను గోడలోని సాకెట్టు పలక విప్పి, "డాక్టరు గారూ, మూడో పిన్నుకు తీగే లేదండి" అన్నాడు. మూడు రంధ్రాలు ఉన్నాయి, పై రంధ్రం వెనుక శూన్యం. మేము కొనకముందు ఈ ఇల్లు కట్టినవారు స్విచ్చిబోర్డు వరకు ఎర్తు తీగ తేనేలేదు.

పవర్ సప్లైలో విద్యుత్ కాలుష్యాన్ని వడకట్టే చిన్న కెపాసిటర్లు రెండు తీగలనుంచీ లోహపు పెట్టెకు కలిపి ఉంటాయి. ఎర్తు ఉంటే ఆ కొద్దిపాటి విద్యుత్తు భూమిలోకి పోతుంది. లేకపోతే పెట్టె సుమారు సగం వోల్టేజీ వద్ద, అనగా 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. ప్రవాహం మిల్లీ ఆంపియరు కంటె తక్కువ కనుక జిల్లుమంటుందే గాని ప్రాణం తీయదు. అయితే లోపల ఎప్పుడైనా తీగ ఊడి పెట్టెకు తగిలితే దానిని మోసుకుపోవలసిన మార్గమే లేదని ఆ జిల్లు చెబుతోంది.

1 మిల్లీ ఆంపియరు చర్మానికి తెలుస్తుంది. 10 పరిసరాలలో చేతి కండరాలు బిగుసుకొని పట్టిన వస్తువును విడవలేము. జనం "కరెంటు లాగేసుకుంది" అనేది దీనినే. 50 నుంచి 100 మిల్లీ ఆంపియర్లు ఛాతీ గుండా సాగితే గుండె జఠరికలు సంకోచించడం మాని వణకసాగుతాయి. తడిచేతులతో శరీర నిరోధం 1,000 ఓముల వరకు దిగవచ్చును. 230 వోల్టులను దానితో భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు. ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర విభాగానికి వేసవిలో ఇనుప కూలర్ల వలన, వర్షాలలో బట్టలారవేసే తీగల వలన విద్యుదాఘాతం తగిలినవారిని తెచ్చేవారు. వంటిపై చిన్న మచ్చ అయినా లేక, అప్పటికే నాడి లేనివారు వారిలో ఉండేవారు. మా గదిలో ప్రతి ఉదయం పనిమనిషి తడిగుడ్డతో ఆ క్యాబినెట్టు తుడుస్తుంది, వట్టి కాళ్ళతో.

ఎవరికైనా విద్యుదాఘాతం తగిలితే వారిని తాకవద్దు. ముందు మెయిన్ స్విచ్చి ఆపండి. స్పృహ, ఊపిరి లేకపోతే ఒకరిని 108కి ఫోను చేయమని చెప్పి, ఛాతీ ఎముక మధ్యలో రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఉంచి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతు దిగేలా, అంబులెన్సు వచ్చేవరకు నొక్కుతూ ఉండండి. స్పృహ ఉన్నా ఆసుపత్రిలో ఇ.సి.జి. తీయించండి.

ఎలక్ట్రీషియన్ పెరట్లో కొత్త ఎర్తు గొయ్యి తీసి, ఆకుపచ్చ తీగను సాకెట్లన్నిటికీ లాగాడు. 30 మిల్లీ ఆంపియర్ల తేడా రాగానే విద్యుత్తును త్రుంచే ఆర్.సి.సి.బి.ని మీటరు దగ్గర బిగించాడు. ఆ పనిలో తెలిసినదేమంటే, స్నానాలగదిలోని గీజరు సాకెట్టుకు కూడా ఎర్తు లేదు. ఆ గీజరు పెట్టి పదకొండు సంవత్సరాలు. గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై, ఎర్తు పని కలిపిన లెక్క మా శ్రీమతి వ్రాసుకున్నారు. గీజరు పద్దును మాత్రం అన్నిటికంటె పైన వ్రాశారు.