ఒకే బాలుడు, రెండు పేర్లు

ఈ కళాశాలలో పట్టం పుచ్చుకొని విశ్వవిద్యాలయానికి వెళ్ళిన మా నలుగురిలో ఇద్దరిది ఉర్దూ మాధ్యమం, ఇద్దరిది తెలుగు. అక్కడ మేము నేరశాస్త్రాన్ని ప్రధానాంశంగాను, బాల్య యౌవన దశల అధ్యయనాన్ని ఐచ్ఛికాంశంగాను తీసుకొన్నాము. ఈ వార్త విని బంధువులు ముక్కుమీద వేలు వేసుకొన్నారు. మాలో ఒకరి ఖాలాజాన్, "దొంగలను గురించి తెలుసుకోవడానికి ఇంత ఫీజు దేనికి బేటీ? రైల్వే స్టేషనులో ఒక పూట కూర్చుంటే సరిపోదా?" అన్నారు. ఆమెకు ఆనాడు మేము సమాధానం చెప్పలేకపోయాము.

ఉదయం నేరశాస్త్రం, మధ్యాహ్నం బాల్యం. ఇదీ మా కాలక్రమణిక. ఉదయం పాఠంలో 1764లో బెకారియా శిక్షలను గురించి వేసిన ప్రశ్నలు, 1876లో లొంబ్రోసో నేరస్థుల కపాలాలను కొలిచి వ్రాసిన గ్రంథం, 1950లో గ్లూక్ దంపతులు సంస్కరణాలయాలలోని 500 మంది బాలురను బయటి 500 మంది బాలురతో పోల్చిన పరిశోధన వచ్చేవి. మధ్యాహ్నం ఫిలిప్ ఆరియెస్. బాల్యం ఒక ప్రత్యేక దశ అన్న భావన మధ్యయుగాల ఐరోపాలో లేదని 1960లో ఆయన వాదించారు. తరువాతి చరిత్రకారులు ఆ వాదాన్ని చాలవరకు ఖండించినా, ప్రశ్న మాత్రం నిలిచినది. ఒకే పిల్లవాడు ఉదయం మాకు బాలనేరస్థుడు, భోజనానంతరం ఉత్త బాలుడు. ఒక పుస్తకం మూసి మరొకటి తెరిచేలోగా వానిలో మారినదేమిటో మాకు బోధపడలేదు.

ఏ వయస్సు వరకు తప్పును తప్పుగా లెక్కించరాదు? ఈ ప్రశ్న పాశ్చాత్యులది మాత్రమే కాదు. భారతం ఆదిపర్వంలో మాండవ్య మహర్షి, పసితనంలో పురుగులను పుల్లతో గుచ్చిన పాపానికి తాను కొరత వేయబడినాడని తెలిసి, యమధర్మరాజును శపించి, పదునాలుగేండ్ల లోపు చేసినది పాపం కాబోదని కట్టడి చేసినాడు. ఆ శాపం వల్లనే యముడు విదురుడై పుట్టినాడు. ఇస్లామీయ ధర్మశాస్త్రంలో బాలిగ్ కాని వానిపై విధుల భారం లేదు. మా ఉర్దూ మిత్రురాండ్రు ఈ మాట చెప్పిన రోజున మా తరగతిలో గంటసేపు వాదం నడిచినది.

చట్టం చేసిన ప్రయాణం ఇంకా చిత్రమైనది. 1860 నాటి శిక్షాస్మృతి ఏడేండ్ల లోపు పిల్లవానిది నేరమే కాదన్నది. ఏడు పన్నెండు మధ్య వాని బుద్ధి పరిపక్వతను చూడమన్నది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఆ హద్దులను అట్లే ఉంచినది. 1986 నాటి బాలన్యాయ చట్టంలో బాలురకు పదహారు, బాలికలకు పద్దెనిమిది. 2000లో ఇరువురికీ పద్దెనిమిది. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరం తరువాత, 2015 చట్టంలో ఘోర నేరాల విషయంలో పదహారు నిండినవారిని పెద్దలవలె విచారించే వీలు కల్పించబడినది. ఈ మార్పు విషయంలో మా నలుగురికీ నేటికీ ఏకాభిప్రాయం లేదు. ఆ ఘటనను తలచుకొంటే ఇద్దరం చట్టం వైపు, పదహారేండ్ల మా తమ్ముళ్ళ ముఖాలు తలచుకొంటే అదే ఇద్దరం దానికి ఎదురు.

అన్నిటికంటె మమ్ము కలచివేసినది నేరస్థ జాతుల చట్టం. 1871లో వచ్చిన ఆ చట్టం కొన్ని కులాలకు పుట్టుకతోనే నేరం అంటగట్టినది. 1897 సవరణతో నాలుగేండ్ల పసివాండ్రను సైతం తల్లిదండ్రుల నుండి వేరుచేసి సంస్కరణ స్థావరాలలో ఉంచే అధికారం ప్రభుత్వాలకు సంక్రమించినది. స్టూవర్టుపురం పేరు తెలుగువారికి కొత్త కాదు. 1952లో ఆ చట్టం పోయినా ఊరి పేరుకు అంటిన మచ్చ పోలేదు. జాషువాగారి కుమార్తె హేమలతా లవణంగారు అక్కడ ఎంతో కాలం పనిచేయవలసి వచ్చినది. సమాజం వేసిన ముద్రయే మనిషిని ఆ దారికి నెట్టగలదని 1963లో హొవర్డ్ బెకర్ వ్రాసిన పాఠాన్ని ఆచార్యులు చెబుతుండగా, మాలో ఇద్దరం తలలు వంచుకొన్నాము.

ఆ ఇద్దరం ఏడవ తరగతి ఒకే పాఠశాలలో చదివాము. మాలో ఒకరి కంపాసు పెట్టె ఒకనాడు కనిపించలేదు. వెనుక బల్లపై కూర్చునే ఒక బాలుని మేనమామ అంతకు ముందు జైలుకు వెళ్ళివచ్చినాడు. విచారణ అంతటితో ముగిసినది. వాని సంచి నేలపై కుమ్మరించారు, ఏమీ దొరకలేదు, అయినా బెత్తం విరిగేదాకా కొట్టారు. రెండవ రోజున పెట్టె మా ఇంట్లోనే కుట్టుమిషను వెనుక దొరికినది. చెబితే మాకూ దెబ్బలు తప్పవని చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు, ఇద్దరమూ చెప్పలేదు. వాడు మరి బడికి రాలేదు.

నిర్ణీత గడువు తీరిన పిదప బాలుని నేరనిర్ణయపు కాగితాలను సామాన్యంగా నాశనం చేయాలని నేటి చట్టం చెబుతున్నది. మా తరగతి గదిలో అసలు కాగితమే లేదు, నాశనం చేయడానికి.

గత సెలవులలో మేము వాని దుకాణం వెదుక్కొంటూ వెళ్ళాము. బస్టాండు వెనుక మోటారు సైకిళ్ళు బాగుచేస్తున్నాడు. మమ్ము గుర్తుపట్టి, చేతి నూనె తుడుచుకొని, స్టూలు జరిపినాడు. పెట్టె సంగతి ఎట్లో చెప్పాము.

"తెలుసండీ" అన్నాడు. "మా అమ్మ మీ వీధిలోనే పని చేసేది కదా. రెండో రోజే తెలిసింది."

"మరి బడికి ఎందుకు రాలేదు?"

"ఎవరైనా పిలుస్తారని చూశాను."

మా బండి బ్రేకు వదులుగా ఉన్నదని తానే చూసి బిగించినాడు. వందరూపాయల నోటు ఇస్తే ముప్పై మాత్రం తీసుకొని, మిగిలిన డెబ్బై మా ఎదుట రెండుసార్లు లెక్కపెట్టి చేతిలో పెట్టినాడు.