వెనక పేజీల్లో కాకిబంగారం

ప్రపంచయుద్ధాల పుస్తకం ఏది చేతికొచ్చినా ముందు వెనక పేజీలే తిప్పుతాను. పదసూచికలో ‘ఇండియా’ ఎన్ని వరసలుంది? ‘అభ్రకం’, అదే మా కాకిబంగారం, ఉందా? ఆత్మకూరు వాణ్ణి మరి. మా వైపు అక్కడక్కడా మట్టి ఎండకి తళుక్కుమంటుంది. గోటితో గీరితే ఉల్లిపొరలా ఊడొస్తుంది. ఆ కాకిబంగారమే రెండో యుద్ధంలో వైర్‌లెస్ సెట్ల కండెన్సర్లలోకి పోయింది. నెల్లూరు గనులకి అప్పుడు భలే గిరాకీ.

శ్రీనాథ్ రాఘవన్ ‘ఇండియాస్ వార్’ (2016) ఉదయగిరి బస్సులోనే చాలావరకు చదివాను. 25 లక్షల సైన్యానికి తిండీ గుడ్డా ఎక్కణ్ణుంచి వచ్చాయో లెక్కగా చెబుతారు. యాస్మిన్ ఖాన్ ‘ద రాజ్ ఎట్ వార్’ మాత్రం యుద్ధాన్ని వంటింటి వైపు నుంచి చూస్తుంది, నాకదే ఇష్టం. అట్టమీద హిట్లర్ మీసమున్న లావుపాటిది ఒకటి కొన్నాను. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద పడ్డ బాంబుల గురించి ఒక్క ముక్క లేదు. బస్సులో తలకింద పెట్టుకోడానికి బాగుంది.

ఉదయగిరి కోట కొండ కనబడగానే పక్కాయన అడిగాడు: “ఏం బుక్కు సామీ?”

“యుద్ధాలది.”

“మన కోటదా? రాయలు ఏడాదిన్నర ముట్టడేశాడంట గదా!”

పదసూచిక తీయబోయి ఊరుకున్నాను.