అవ్వ పెట్టిన వంతు

పిల్లలూ, నల్లా విప్పగానే మీ ఇంట నీళ్ళు వస్తాయి కదూ? నా చిన్నతనంలో మాకు నల్లా లేదు.

1998లో హైదరాబాదులోని మాదాపూర్‌లో సైబర్ టవర్స్ అనే మేడను తెరిచారు. తరువాత దాని చుట్టూ ఎన్నో మేడలు లేచాయి. వాటికి ఇటుకలు మోసిన పాలమూరు కూలీలలో మా అమ్మానాన్నలు కూడా ఉన్నారు. మా గుడిసెల బస్తీకి రోజు విడిచి రోజు నీళ్ళ ట్యాంకరు వచ్చేది.

బోరుబావి ఎందుకు తవ్వలేదంటారా? అక్కడి నేలకింద గట్టి గ్రానైటు రాయి ఉంది. వాననీరు ఆ రాతి పగుళ్ళలోనే నిలవాలి. పైన సిమెంటు పరిస్తే అదీ లోపలికి ఇంకదు. దగ్గరలోనే దుర్గం చెరువు ఉన్నది. ఒకప్పుడు గోల్కొండ కోటకు నీళ్ళిచ్చిన చెరువే అయినా, మా కాలానికి ఆ నీళ్ళు తాగరానివైపోయాయి.

ఒకనాడు తెల్లవారుజామున, ఎవరూ చూడకుండా, మా బిందెలను వరసలో ముందుకు జరిపాను. ఆ పూట నా స్నేహితుడి ఇంటికి చుక్క నీరు అందలేదు. వాళ్ళ ఇంట్లో చంటిబిడ్డకు జ్వరం. ఆడవాళ్ళు తిట్టుకున్నారు, మగవాళ్ళు కలబడ్డారు. బిందెలు సొట్టలు పడ్డాయి.

అప్పుడు మా బస్తీ అవ్వ మధ్యకు వచ్చింది. "కొట్లాడితే నీళ్ళు పెరుగుతాయా? మన ఊళ్ళో చెరువు నీళ్ళను నీరడి వంతులు వేసి పంచడం మరిచారా?" అని, నావంక తిరిగి, "బడికి పోతున్నావు గదరా, లెక్క కట్టు" అన్నది.

ట్యాంకరులో 5,000 లీటర్లు. ఇళ్ళు 50. బిందెకు 15 లీటర్లు. ఇంటికి ఆరేసి బిందెలు ఇస్తే 4,500 లీటర్లు అవుతాయి. ఇంకా 500 లీటర్లు మిగులుతాయి!

"ఆ మిగిలినవి రోగులకు, బాలింతలకు. ఇవాళ ముందు పట్టుకున్నవాళ్ళు వచ్చే ట్యాంకరుకు చివర" అన్నది అవ్వ.

అంతా ఒప్పుకున్నారు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. చేసిన తప్పు చెప్పేశాను. అవ్వ కొట్టలేదు. "ఇకమీదట వంతుల పుస్తకం నువ్వే రాయి" అన్నది. మొదటిరోజు మా పేరు చివరన రాశాను.

కృష్ణానది నీళ్ళకోసం రాష్ట్రాల మధ్య తగవు వస్తే, 1969లో ట్రిబ్యునల్‌ను వేశారు. అదీ ముందు నీళ్ళెన్నో లెక్కకట్టి, తరువాతనే వాటాలు వేసింది. నది అయినా, బిందె అయినా తగవు తీరే దారి ఒకటే: లెక్క అందరికీ తెలియాలి, వంతు అందరికీ రావాలి.