పోర్ట్‌లాండ్‌లో గింజల కల్లు

అమెరికాలో ఓరెగాన్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది హిల్స్‌బరో. ఇంటెల్ క్యాంపస్‌లు, వాటి చుట్టూ అపార్ట్‌మెంట్లు, సాయంత్రమైతే పార్కుల్లో వినిపించే తెలుగు. నేనుండేదీ అక్కడే. కానీ బ్లూ లైన్ రైలెక్కి పోర్ట్‌లాండ్‌లో దిగితే లోకమే మారిపోతుంది. ఈ ఊరి ముద్దుపేరు ‘బీర్‌వానా’. బీరునీ నిర్వాణాన్నీ కలిపి కట్టిన పేరు. ఇక్కడ బీరు తాగేవాళ్లే కాదు, వీకెండ్ వస్తే గ్యారేజీలో సొంతంగా కాచుకునేవాళ్లూ చాలామంది.

అందుకు కారణాలున్నాయి. మొదటిది నీళ్లు. మౌంట్ హుడ్‌కి దగ్గర్లోని బుల్ రన్ అడవుల్లో పడ్డ వాన నీరే ఈ ఊరి కుళాయిల్లోకి వస్తుంది. ఉప్పు, సున్నం చాలా తక్కువ. రెండోది హాప్స్. బీరుకి చేదూ వాసనా ఇచ్చే ఈ పూలతీగలు పక్కనే ఉన్న విల్లామెట్ లోయలో పెరుగుతాయి. ఆగస్టు చివర్లో వెళ్తే పొడవాటి స్తంభాల మధ్య తాళ్లు పట్టుకుని పైకి పాకుతున్న పాదులు కనిపిస్తాయి. దూరం నుంచి చూస్తే మన తమలపాకు తోటే అనుకుంటాం. ప్రపంచమంతా వాడే ‘కాస్కేడ్’ రకం హాప్స్‌ని ఇక్కడికి దగ్గర్లోని కార్వాలిస్‌లో తయారుచేసి 1972లో విడుదల చేశారు. ఒక పువ్వు నలిపి వాసన చూడండి, అచ్చం పంపరపనస తొక్క!

మూడోది చట్టం. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో సొంత వాడకానికి ఇంట్లో బీరు చేసుకోవడం ఫెడరల్ స్థాయిలో తప్పు కాకుండా పోయింది. ఇంట్లో ఒక్కరే వయోజనులుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు ఆపైన ఉంటే 200. అమ్మడానికి మాత్రం వీల్లేదు. (మన రాష్ట్రాల్లో లైసెన్స్ లేకుండా చేస్తే నేరం. కాబట్టి ఇది చదివి ఇంట్లో కుక్కర్ ఎక్కించకండి!)

గింజలోంచి తీపి లాగడం

ఆఫీసులో ఒక సీనియర్ ఉన్నాడు. ఇరవై ఏళ్లుగా ఇంట్లోనే బీరు కాస్తున్నాడు. “శనివారం రా, నువ్వే చేద్దువుగాని” అన్నాడు. చాలామంది డబ్బాలో దొరికే మాల్ట్ పాకంతో మొదలుపెడతారట. ఆయన మాత్రం “మొదటిరోజే గింజ నుంచి చెయ్” అన్నాడు. దీన్నే ‘ఆల్ గ్రెయిన్’ అంటారు.

ముందు గింజలు కొనడానికి ఎఫ్.హెచ్. స్టెయిన్‌బార్ట్ అనే కొట్టుకి తీసుకెళ్లాడు. 1918లో మొదలైన కొట్టు అది. రకరకాల మాల్టులు, లేతవి, దోరగా వేగినవి, మాడినంత నల్లవి. మాల్ట్ అంటే ఏదో కొత్త సరుకు కాదు. మనింట్లో రాగులు నానబోసి, మొలకెత్తించి, ఎండబెట్టి జావ పొడి చేస్తారు కదా, అదే పని బార్లీతో. 19 లీటర్ల బీరుకి నాలుగున్నర కిలోల లేత మాల్టు, మూడొందల గ్రాముల కారమెల్ మాల్టు తీసుకున్నాం. అక్కడే బరకగా మర పట్టించాం. పిండి కాకూడదు, పొట్టు నలగకూడదు. వడకట్టేటప్పుడు ఆ పొట్టే జల్లెడ.

గ్యారేజీలో పొద్దున్నే పని మొదలైంది. పదిహేను లీటర్ల నీళ్లు 73 డిగ్రీలకి కాచి, ఐస్‌బాక్స్ లాంటి పెద్ద కూలర్‌లో పోసి, గింజలు కలిపితే వేడి 67 దగ్గర నిలబడింది. మూతపెట్టి గంట ఆగాలి. ఈ గంటే అసలు కథ. గింజలో ఉండేది పిండి. దాన్ని ఈస్ట్ తినలేదు. మొలకెత్తినప్పుడు పుట్టిన ఎంజైములు ఆ వేడిలో పిండిని చక్కెరగా విడగొడతాయి. 65 దగ్గర ఉంచితే బీరు పల్చగా, 69 దగ్గర ఉంచితే కాస్త చిక్కగా వస్తుంది. మరీ వేడెక్కితే ఎంజైములు చచ్చిపోతాయి, పని ఆగిపోతుంది. గంట తర్వాత చెంచాతో తీసి చప్పరిస్తే తియ్యటి జావ!

నాయినకి ఫోన్

ఆ గంటలో ఊరికి వీడియో కాల్ చేశా. అక్కడ రాత్రి. మాది నల్గొండ పక్క పల్లె, మా నాయిన గీత కార్మికుడు. మోకు, ముత్తాదు వేసుకుని పొద్దూమాపూ తాళ్లెక్కినవాడు. “ఈ పని నాతోనే పోవాలె” అని నన్ను హాస్టల్‌కి పంపినవాడు. కల్లు గురించి నాతో ఎప్పుడూ మాట్లాడేవాడు కాదు.

కూలర్‌లోకి ఫోన్ చూపించా. “గింజల నుంచి కల్లా? ఎట్లరా?” అన్నాడు. చెప్పా. కాసేపు ఆలోచించి, “చెట్టు మనకు తియ్యగనే ఇస్తది. గింజ ఊకె ఇయ్యదు. అందుకే మీకు గింత కష్టం” అన్నాడు. నేను ఎంజైములంటూ పది నిమిషాలు చెప్పినదాన్ని ఆయన రెండు ముక్కల్లో తేల్చేశాడు.

తర్వాత వడకట్టి, గింజల మీద మళ్లీ వేడినీళ్లు పోసి, ఆ తీపి నీటిని గంటసేపు మరిగించాం. మరుగు మొదట్లో వేసిన హాప్స్ చేదునిస్తాయి, చివర్లో వేసినవి వాసననిస్తాయి. మిగిలిన గింజలు పక్కింటి కోళ్లకి పోయాయి. మరగడం ఆగాక శుభ్రత మొదలు. రాగి గొట్టపు చుట్టలో చల్లటి నీరు పారించి 20 డిగ్రీలకి దించాం. ఇక్కడినుంచి తగిలే ప్రతి వస్తువునీ శానిటైజర్‌లో ముంచాల్సిందే. గాలిలోని సూక్ష్మజీవులు చొరబడితే అంతా పులుపే. అందుకే కొన్న ఈస్ట్ ఒక్కటే వెయ్యాలి.

కల్లుకి సరిగ్గా తిరగేసిన లెక్క ఇది. అక్కడ ఈస్ట్ గాలి నుంచీ పాత లొట్టి నుంచీ దానంతటదే వస్తుంది. “కొత్త లొట్టిల లేటు, పాతదాంట్ల జల్ది పులుస్తది. సున్నం రాస్తే పులవది” అన్నాడు నాయిన. సున్నం క్షారం కాబట్టి ఈస్ట్ పెరగలేదు. ఆ మాట మైక్రోస్కోప్ చెప్పకముందే ఆయనకి చేతుల్లో ఉంది.

లాక్టోమీటర్ లాంటి గాజు పుల్ల ముంచితే 1.050 చూపించింది. రెండు వారాలకి 1.010కి దిగింది. ఆ తేడాని 131తో గుణిస్తే ఆల్కహాల్ సుమారు 5 శాతం. సీసాల్లో కొంచెం చక్కెరతో నింపి, మరో రెండు వారాలు ఆగితే గ్యాస్ పడుతుంది. మూత తీయగానే పంపరపనస వాసన, వెనకే వేయించిన గింజల రుచి. ఒక్క గ్లాసు నలుగురం పంచుకున్నాం.

బీరుకన్నా నాకు మిగిలింది వేరే. ఇప్పుడు ప్రతి ఆదివారం నాయిన ఫోన్‌లో తాళ్ల గురించే చెబుతున్నాడు. ఏ చెట్టు ఎప్పుడు గీయాలి, గెలని ఎంత లోతు చెక్కాలి, పోతుతాడు కల్లుకీ పండుతాడు కల్లుకీ తేడా ఏంటి. బీరు లెక్కలు రాసుకున్న నోట్‌బుక్‌లోనే, వెనక పేజీల నుంచి అవన్నీ రాసుకుంటున్నా. ఆయన వద్దన్న పనే. చెయ్యను, కానీ పోనివ్వను.